బ్లాక్ 70 శాతం సరే, గుండెకు అందుతున్న రక్తం ఎంత?

యాంజియోగ్రామ్ రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ వెతికేది ఒక్క అంకె కోసమే. "ఎల్‌ఏడీలో 70 శాతం బ్లాక్." ఎల్‌ఏడీ అంటే గుండె ముందు భాగానికి రక్తం అందించే పెద్ద నాళం. స్టెంట్ వేయించాలా, బైపాస్‌కు వెళ్లాలా, మందులతో సరిపెట్టుకోవాలా అన్న చర్చంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. అదే సీడీ ఇంకో కార్డియాలజిస్టుకు చూపిస్తే "60 ఉంటుందేమో" అంటారు. వెంటనే ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెప్పారని అనుమానం మొదలవుతుంది. కానీ 3 మిల్లీమీటర్ల రక్తనాళంలో 60 శాతానికీ 70 శాతానికీ మధ్య తేడా 0.3 మిల్లీమీటర్లు మాత్రమే. కొట్టుకుంటూ కదిలే గుండె మీద, రంగుమందు నీడలో, అంత సన్నని తేడాను కంటితో పట్టుకోవడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టం. పైగా ఆ అంకె ఖచ్చితంగా తేలినా, రోగికి అసలు కావలసిన జవాబు అందులో ఉండదు.

శాతం అనే మాటలోనే ఒక చిక్కుంది. రిపోర్టులో రాసేది నాళం అడ్డుకొలతలో తగ్గుదల. 3 మి.మీ. నాళం 1.5 మి.మీ.కి కుంచించుకుపోతే 50 శాతం అంటారు. కానీ రక్తం పారే దారి వైశాల్యం అప్పటికే 75 శాతం తగ్గిపోయింది. అడ్డుకొలతలో 70 శాతం అంటే వైశాల్యంలో 91 శాతం. అందుకే ఒక రిపోర్టులో 50, మరో దానిలో 75 కనిపిస్తే ముందు అడగవలసిన ప్రశ్న, అది దేనిలో శాతం అని.

రెండో చిక్కు పోలికది. ఎంత సన్నబడిందో చెప్పాలంటే పక్కన బాగున్న నాళం ఉండాలి. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో నాళం ఆ చివర నుంచి ఈ చివర దాకా కొద్దికొద్దిగా పూడిపోయి ఉంటుంది. అప్పుడు కొలబద్దే కురచబడుతుంది, బ్లాక్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. దీనికి తోడు, గోడలో కొవ్వు పేరుకున్నప్పుడు నాళం మొదట బయటి వైపుకు ఉబ్బి లోపలి దారిని కాపాడుకుంటుంది. ఆ కొవ్వు నాళం మొత్తం వైశాల్యంలో సుమారు 40 శాతం ఆక్రమించే వరకు దారి పెద్దగా సన్నబడదని గ్లాగోవ్ బృందం 1987లోనే చూపించింది. యాంజియోగ్రామ్ గోడను చూడదు. అది దారిలో నిండిన రంగుమందు నీడను మాత్రమే చూస్తుంది. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ మొదలుపెట్టిన ఈ పరీక్ష గుండె వైద్యాన్నే మార్చేసింది. అయినా నీడ నీడే. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న దారిని ఒక పక్క నుంచి చూస్తే వెడల్పుగా, ఇంకో పక్క నుంచి చూస్తే సన్నగా కనిపిస్తుంది. ఒక్క కోణంలో చూసి శాతం రాయకూడదనేది ఇందుకే.

కంప్యూటర్‌తో అంచులు గీయించి కొలిచే క్యూసీఏ పద్ధతి వచ్చాక మనిషికీ మనిషికీ ఉండే తేడా తగ్గింది. సాధారణంగా కంటి అంచనా కంటే క్యూసీఏ అంకె తక్కువగానే వస్తుంది. అయితే అదీ కొలిచేది ఆకారాన్నే, ప్రవాహాన్ని కాదు.

చివరి పొలానికి నీరందుతోందా

కాలువ కింద వ్యవసాయం తెలిసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూము దగ్గర కొంత పూడిక పడ్డా మామూలు రోజుల్లో చివరి పొలాలకు నీరు అందుతూనే ఉంటుంది. అందరూ ఒకేసారి నాట్లు వేసే వారంలోనే ఆ పూడిక సంగతి బయటపడుతుంది. గుండెలోనూ అంతే. బ్లాక్‌కు కింద ఉన్న సన్ననాళాలు విప్పారి, లోటును సర్దుబాటు చేస్తాయి. 1974లో గూల్డ్ అనే వైద్యుడు చేసిన ప్రయోగాల్లో విశ్రాంతిలో ప్రవాహం 85 శాతం దాటిన బ్లాక్ వరకు తగ్గలేదు. కానీ గరిష్ఠంగా పారగలిగిన ప్రవాహం 30 నుంచి 45 శాతం దగ్గరే తగ్గడం మొదలైంది. మెట్లెక్కితే గుండె పట్టేసి, కూర్చుంటే తగ్గిపోయే నొప్పికి కారణం ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీయే.

ఒకే 60 శాతం బ్లాక్ ఇద్దరిలో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. అది ఎల్‌ఏడీ మొదట్లో ఉంటే కింద పెద్ద కండరం రక్తం కోసం ఎదురుచూస్తుంది. చిన్న డయాగనల్ కొమ్మలో ఉంటే అడిగే కండరమే తక్కువ. పాత గుండెపోటుతో కొంత కండరం మచ్చగా మారితే గిరాకీ ఇంకా తగ్గుతుంది. బ్లాక్ 5 మి.మీ. పొడవుందా, 25 మి.మీ. ఉందా అన్నదీ లెక్కే. వీటిలో ఏదీ శాతంలో కనబడదు.

ప్రెషర్ వైర్: ఎఫ్‌ఎఫ్‌ఆర్ ఎలా కొలుస్తారు

దీనికి జవాబుగా పీల్స్, డిబ్రూయిన్ అనే వైద్యులు 1990లలో రూపొందించినది ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్, క్లుప్తంగా ఎఫ్‌ఎఫ్‌ఆర్. మందుతో కింది సన్ననాళాలను పూర్తిగా విప్పారిస్తే వాటి నిరోధం కనిష్ఠానికి చేరి నిలకడగా ఉంటుంది. ఆ స్థితిలో ప్రవాహం పీడనాన్ని బట్టే నడుస్తుంది. కాబట్టి బ్లాక్‌కు ముందు, తర్వాత పీడనం కొలిచి భాగిస్తే చాలు. బ్లాక్‌కు ముందు సగటు పీడనం 90, దాటాక 68 ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.76. బ్లాక్ లేకపోతే ఆ కండరానికి అందగలిగే గరిష్ఠ రక్తంలో 76 శాతమే అందుతోందని అర్థం. బ్లాకులేవీ లేని నాళంలో ఇది ఎవరికైనా 1.0కి దగ్గరగానే ఉంటుంది. 0.80 లేదా అంతకంటే తక్కువైతే బ్లాక్ ముఖ్యమైనదిగా పరిగణిస్తారు. మొదట్లో గీత 0.75 దగ్గర ఉండేది. రెండింటి మధ్యది సందిగ్ధ ప్రాంతం.

చేసే తీరు సూటిగానే ఉంటుంది, కానీ ప్రతి మెట్టు దగ్గరా తప్పు దొర్లే వీలుంది. వైర్ 0.014 అంగుళాల మందం, స్టెంట్ వేసేటప్పుడు వాడే మామూలు గైడ్‌వైర్ అంతే. చివర నుంచి 3 సెంటీమీటర్ల వెనక పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. ముందుగా పీడనం చదివే బయటి ట్రాన్స్‌డ్యూసర్‌ను గుండె ఎత్తులో ఉంచి సున్నా చేయాలి. సెన్సర్‌ను గైడ్ కేథటర్ (వైర్‌ను నాళం మూతి దాకా చేర్చే సన్నని గొట్టం) కొనకు తీసుకెళ్లి, కేథటర్‌లోని రంగుమందును సెలైన్‌తో కడిగి, వైర్‌ను దూర్చిన సూదిని బయటికి తీసి, అప్పుడు రెండు పీడనాలనూ సమం చేయాలి. నాళం బిగుసుకుని తప్పుదారి పట్టించకుండా 100 నుంచి 200 మైక్రోగ్రాముల నైట్రోగ్లిజరిన్ నేరుగా నాళంలోకి ఇస్తారు. తర్వాత సెన్సర్‌ను బ్లాక్ దాటించి బాగా కిందికి పంపి, సిరలోంచి నిమిషానికి కిలో బరువుకు 140 మైక్రోగ్రాముల చొప్పున, సన్ననాళాలను విప్పార్చే అడినోసిన్ ఎక్కిస్తారు. రోగికి ఛాతీ బిగుతుగా, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. మందు రక్తంలో నిలిచేది సెకన్లే కాబట్టి ఆపగానే ఇబ్బంది తగ్గిపోతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే రోగి గుండెపోటు వస్తోందని బెదిరిపోతాడు. ఉబ్బసం తీవ్రంగా ఉన్నవారికి ఈ మందు ఇవ్వడానికి వెనకాడతారు. నేరుగా నాళంలోకి ఇచ్చే పద్ధతీ ఉంది. కుడి నాళంలో ఎక్కువ మోతాదు ఇస్తే గుండె కొట్టుకోవడం కొన్ని క్షణాలు ఆగవచ్చు కాబట్టి అక్కడ 50 నుంచి 100 మైక్రోగ్రాములే, ఎడమవైపు 100 నుంచి 200.

ఇక ఎక్కడ తప్పుతుందంటే:

గైడ్ కేథటర్ నాళం మూతిలో బిగుసుకుపోతే అదే ఒక బ్లాక్‌లా పనిచేస్తుంది. పీడనపు అల చదునుగా మారుతుంది, ప్రవాహం పూర్తిగా పెరగదు, ఎఫ్‌ఎఫ్‌ఆర్ అసలుకంటే మెరుగ్గా కనిపిస్తుంది. కొలిచే సమయంలో కేథటర్‌ను మూతి నుంచి కొంచెం వెనక్కి లాగాలి. పక్క రంధ్రాలున్న కేథటర్ వాడకపోవడమే మేలు.

పరీక్షకు ముందు కాఫీ, టీ తాగితే కెఫీన్ అడినోసిన్‌ను అడ్డుకుంటుంది. నాళాలు పూర్తిగా విప్పారవు, మళ్లీ అంకె అబద్ధంగా బాగుంటుంది. 12 గంటల ముందు నుంచి, వీలైతే ఒక రోజు ముందు నుంచి మానేయమనడం ఇందుకే. మన దగ్గర పొద్దున్నే కాఫీ తాగడం పథ్యం తప్పడంగా ఎవరూ అనుకోరు గనుక నర్సులు ప్రత్యేకంగా అడగాలి.

సెన్సర్ కొలత పక్కకు జరుగుతుంది. కొలత పూర్తయ్యాక సెన్సర్‌ను మళ్లీ కేథటర్ కొనకు లాగి చూస్తే నిష్పత్తి 1.00 దగ్గర ఉండాలి. 0.02 వరకు తేడాను సర్దుకోవచ్చు. అంతకు మించితే ముందటి అంకెను పక్కన పెట్టి మొత్తం మళ్లీ చేయాలి. 0.79 వచ్చిన కేసులో ఈ మెట్టు ఎగ్గొడితే ఆ స్టెంట్‌కు పునాదే లేదు.

భూమ్యాకర్షణ సంగతి చాలామంది పట్టించుకోరు. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎల్‌ఏడీ కింది భాగం మహాధమని కంటే పైకి ఉంటుంది, సర్కమ్‌ఫ్లెక్స్ అనే నాళం వెనక్కి, అంటే కిందికి ఉంటుంది. సెంటీమీటరు ఎత్తుకు పీడనంలో సుమారు 0.77 మి.మీ. పాదరసం తేడా వస్తుంది. సెన్సర్ 5 సెం.మీ. పైన ఉంటే దాదాపు 4 మి.మీ., అంటే ఎఫ్‌ఎఫ్‌ఆర్‌లో 0.04. గీతకు ఆనుకుని ఉన్న ఎల్‌ఏడీ అంకెలు చూసేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఒకే నాళంలో రెండు బ్లాకులుంటే ఒకటి మరొకదాన్ని దాచేస్తుంది. పైది ప్రవాహాన్ని తగ్గిస్తుంది కాబట్టి కిందిదాని వల్ల పీడనం పడిపోవడం తక్కువగా కనిపిస్తుంది. అడినోసిన్ నడుస్తుండగా వైర్‌ను మెల్లగా వెనక్కి లాగుతూ పీడనం ఎక్కడ ఒక్కసారిగా పెరుగుతుందో చూడాలి. ఎక్కువ పెరిగినచోట ముందు సరిచేసి, మిగిలినదాన్ని మళ్లీ కొలవాలి. లాగుతున్నంతసేపూ పీడనం అంగుళం అంగుళం సమంగా పెరిగితే జబ్బు నాళమంతా పరచుకుని ఉందన్నమాట. అక్కడ ఒక్క స్టెంట్‌తో ఒరిగేది స్వల్పం.

పరిశోధనలు ఏం చెప్పాయి

డిఫర్ అధ్యయనంలో ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.75 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న బ్లాకులను స్టెంట్ వేయకుండా వదిలేసి, 15 ఏళ్లు గమనించారు. వదిలేసినవారిలో గుండెపోట్లు పెరగలేదు సరికదా, వేయించుకున్నవారి కంటే తక్కువే వచ్చాయి. 2009లో వచ్చిన ఫేమ్‌లో 1,005 మంది ఉన్నారు. ఎఫ్‌ఎఫ్‌ఆర్ కొలిచి వేసిన వర్గంలో ఒక్కొక్కరికి సగటున 1.9 స్టెంట్లు, కంటి అంచనా వర్గంలో 2.7. ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స కలిపి 13.2 శాతం, 18.3 శాతం. తక్కువ స్టెంట్లతో మెరుగైన ఫలితం. అదే ఫేమ్‌లో కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన బ్లాకుల్లో నిజంగా రక్తానికి అడ్డుపడినవి 35 శాతమే. 71 నుంచి 90 మధ్యవాటిలో కూడా అయిదింట ఒకటి అడ్డుపడలేదు. 90 దాటితే మాత్రం కంటిని నమ్మవచ్చు, 96 శాతం నిజమైనవే.

ఈ రంగంలో తలకెక్కించుకోవలసిన అంకెలు ఏవైనా ఉంటే ఇవే. "70 శాతం, స్టెంట్ తప్పదు" అన్న మాట ఎంత బలహీనమైన నేల మీద నిలబడిందో ఇవి చెబుతాయి.

ఎదురుప్రశ్న కూడా న్యాయమైనదే. అడ్డుపడే బ్లాక్‌కు స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరుగుతుందా? ఫేమ్-2లో ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.80, అంతకంటే తక్కువ ఉన్నవారికి స్టెంట్ వేస్తే బాగా తగ్గింది అత్యవసరంగా ఆస్పత్రికి పరుగెత్తి చికిత్స చేయించుకోవలసి రావడం. భారతీయులూ పాల్గొన్న ఇస్కీమియా అధ్యయనం 2020లో వచ్చింది. 5,179 మంది స్థిమితంగా ఉన్న రోగుల్లో ముందే స్టెంట్ లేదా బైపాస్ చేయడం వల్ల మరణాలు తగ్గలేదు, నొప్పి మాత్రం తగ్గింది. కాబట్టి కొలత సాయపడేది ముఖ్యంగా, ఈ నొప్పికి ఈ బ్లాకే కారణమా అన్న ప్రశ్నకు.

అడినోసిన్ లేకుండా

గుండె సడలే సమయంలో నిరోధం సహజంగానే తక్కువగా, నిలకడగా ఉండే ఒక భాగముంది. మందు ఇవ్వకుండా ఆ క్షణాల పీడనాలనే పోల్చేది ఐఎఫ్‌ఆర్. గీత 0.89. 2017లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఏడాది ఫలితాలు ఎఫ్‌ఎఫ్‌ఆర్‌తో సమానంగా వచ్చాయి, పరీక్ష సమయంలో ఛాతీ ఇబ్బంది బాగా తగ్గింది. అయిదేళ్ల తర్వాత ఒకదానిలో ఐఎఫ్‌ఆర్ వర్గంలో మరణాలు కొంత ఎక్కువగా కనిపించాయి, మరోదానిలో కనిపించలేదు. ఆ చర్చ ఇంకా తెగలేదు.

దాదాపు అయిదుగురిలో ఒకరికి ఎఫ్‌ఎఫ్‌ఆర్, ఐఎఫ్‌ఆర్ ఒకదానితో ఒకటి ఏకీభవించవు. దీన్ని పరికరం లోపంగా చూడనక్కర్లేదు. ఎల్‌ఏడీ మొదట్లో, లేదా అది పుట్టే మూలనాళం లెఫ్ట్ మెయిన్‌లో బ్లాక్ ఉంటే ప్రవాహం ఎంతో పెరగగలదు కాబట్టి మందు ఇచ్చాకే తేడా బయటపడుతుంది, ఎఫ్‌ఎఫ్‌ఆర్ చెడుగా, ఐఎఫ్‌ఆర్ బాగా వస్తాయి. మధుమేహం, వయసు వల్ల సన్ననాళాలు దెబ్బతిన్నవారిలో అవి మందుకు కూడా విప్పారలేవు. అప్పుడు తలకిందులవుతుంది. మధుమేహం ఇంటింటా ఉన్న మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి రోగులు అరుదేమీ కాదు. వారి విషయంలో 0.84 ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూసి "ఏమీ లేదు" అనడం తొందరపాటు. పెద్ద నాళం బాగుండి సన్ననాళాలే జబ్బుపడ్డాయేమో చూడాలి. దానికి ఉష్ణోగ్రతను కూడా గ్రహించే వైర్‌తో సీఎఫ్‌ఆర్, ఐఎంఆర్ అనే, ప్రవాహం ఎంత పెరగగలదో, సన్ననాళాల నిరోధం ఎంతో చెప్పే కొలతలు తీస్తారు. ఐఎంఆర్ 25 లేదా అంతకు మించితే లోపం సన్ననాళాల్లో ఉన్నట్టు.

లోపలి నుంచి చూడటం

ఐవస్ అంటే నాళంలోకి పంపే అల్ట్రాసౌండ్, ఓసీటీ అంటే కాంతితో తీసే చిత్రం. ఓసీటీకి 10 నుంచి 20 మైక్రాన్ల సూక్ష్మత ఉంది, ఐవస్‌కు 100కు పైనే. కానీ ఓసీటీ గోడలోకి ఒకటి రెండు మిల్లీమీటర్లే చూస్తుంది, పైగా రక్తాన్ని రంగుమందుతో పూర్తిగా తోసేయాలి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది భారం. నాళం మూతి దగ్గరి బ్లాకులకూ ఓసీటీ కుదరదు. లెఫ్ట్ మెయిన్‌లో ఐవస్‌కు తిరుగులేదు. కనిష్ఠ వైశాల్యం 6 చదరపు మి.మీ. పైన ఉంటే వదిలేయవచ్చని ఒక గీత ఉంది. కొరియా రోగుల్లో 4.5 సరిపోతుందని తేలింది.

ఇవి రెండూ స్టెంట్ ఎంత పొడవు, ఎంత లావు ఉండాలో, వేశాక బాగా విచ్చుకుందో లేదో చెప్పడంలో సాటిలేనివి. స్టెంట్ అవసరమా అన్న ప్రశ్నకు మాత్రం చూపు చూపే, పీడనం పీడనమే. 2022లో వచ్చిన ఫ్లేవర్ అధ్యయనంలో ఐవస్ ప్రకారం నిర్ణయించినప్పుడు 65.3 శాతం మందికి, ఎఫ్‌ఎఫ్‌ఆర్ ప్రకారం 44.4 శాతం మందికి స్టెంట్లు పడ్డాయి. రెండేళ్లకు మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స దాదాపు సమానం. వైర్ చూసి వదిలేసినవారు నష్టపోలేదు.

గుండెలోకి వెళ్లకుండా

ట్రెడ్‌మిల్ పరీక్ష చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఏ నాళంలో లోపమో చెప్పలేదు, ఆడవారిలో తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, 220లోంచి వయసు తీసివేసి వచ్చినదానిలో 85 శాతం గుండెవేగం అందుకోకపోతే నార్మల్ అన్న మాటకు విలువ తగ్గిపోతుంది. న్యూక్లియర్ స్కాన్ గుండె కండరంలో ఒక భాగానికి అందే రక్తాన్ని మరో భాగంతో పోలుస్తుంది. మూడు నాళాల్లోనూ సమానంగా లోటుంటే పోలికకు ఆధారం పోయి స్కాన్ బాగున్నట్టే కనిపించవచ్చు.

సీటీ యాంజియో బ్లాకులు లేవని తేల్చడంలో దిట్ట. గుండెవేగం 60 దగ్గరికి తేవాలి, అందుకే మెటోప్రొలాల్ ఇస్తారు. దాని బలహీనత సున్నం. కాల్షియం గడ్డ చిత్రంలో ఉబ్బి కనిపించి 40 శాతం బ్లాక్‌ను 70 చేస్తుంది. కాల్షియం స్కోరు బాగా ఎక్కువున్న 70 ఏళ్ల వ్యక్తి సీటీ రిపోర్టును చూసి కంగారుపడక్కర్లేదు, అలాగని అంతటితో వదిలేయనూ కూడదు. అదే సీటీ చిత్రాల్లోంచి కంప్యూటర్ లెక్కతో ఎఫ్‌ఎఫ్‌ఆర్‌ను అంచనా వేసే సీటీ-ఎఫ్‌ఎఫ్‌ఆర్ వచ్చింది. దాన్ని బ్లాక్ దాటి ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గర చదవాలి. నాళం చిట్టచివరి అంకె బ్లాకులేని వారిలో కూడా తగ్గుతూ పోతుంది. దాన్ని పట్టుకుంటే అనవసర భయం.

వైర్ లేకుండా, యాంజియోగ్రామ్ బొమ్మల్లోంచే పీడనాన్ని లెక్కగట్టే క్యూఎఫ్‌ఆర్ మీద ఆశలు బాగా ఉండేవి. చైనాలో 2021లో కంటి అంచనాతో పోల్చితే అది గెలిచింది, ఏడాదిలో ముప్పు ఎదురైనవారు క్యూఎఫ్‌ఆర్ వర్గంలో 5.8 శాతం, కంటి అంచనా వర్గంలో 8.8 శాతం. 2024లో యూరప్‌లో నేరుగా ఎఫ్‌ఎఫ్‌ఆర్‌తో పోల్చితే వెనకబడింది, క్యూఎఫ్‌ఆర్ వర్గంలో 6.7 శాతం, ఎఫ్‌ఎఫ్‌ఆర్ వర్గంలో 4.2 శాతం. కంటి కంటే మేలు, వైర్‌కు సాటి కాదు అని చదవాలి. రెండు బొమ్మల మధ్య కనీసం 25 డిగ్రీల కోణం లేకపోయినా, నాళాలు ఒకదానిమీద ఒకటి పడినా ఆ లెక్క చెడుతుంది.

ఏది ఎప్పుడు

గుండెపోటుతో వచ్చి, నాళం మూసుకుపోయి ఉంటే ఏ కొలతా అక్కర్లేదు, వెంటనే తెరవాలి. 90 శాతం దాటిన బ్లాక్, దానికి తగ్గ నొప్పి, ట్రెడ్‌మిల్‌లో స్పష్టమైన మార్పు ఉన్నప్పుడూ వైర్ చెప్పేది కొత్తగా ఏమీ ఉండదు. వైర్ విలువంతా 40 నుంచి 90 మధ్య ఉంది. ముఖ్యంగా రెండు మూడు నాళాల్లో మధ్యస్థపు బ్లాకులున్నప్పుడు. మూడు నాళాల జబ్బు అనుకున్నది కొలిస్తే ఒక్క నాళం జబ్బుగా తేలి, బైపాస్ మాట పక్కకు పోవచ్చు. నిజంగా మూడు నాళాలదే అయితే, 2021 నవంబరులో వెలువడిన ఫేమ్-3లో ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూసి వేసిన స్టెంట్లు కూడా బైపాస్‌తో సమానం కాలేకపోయాయి. ఏడాదిలో మరణం, గుండెపోటు వంటి ముప్పులు స్టెంట్ వర్గంలో 10.6 శాతం, బైపాస్ వర్గంలో 6.9 శాతం.

వైర్‌కు అదనంగా ఖర్చవుతుందన్న మాట నిజమే. 2017 ఫిబ్రవరి ధరల పరిమితితో మందుపూత స్టెంట్ 29,600 రూపాయలకు దిగాక, "కొలిచే ఖర్చుతో స్టెంటే వేసేయవచ్చు" అన్న వాదన వినిపించడం మొదలైంది. ఆ లెక్కలో స్టెంట్ తర్వాత నెలల తరబడి వాడాల్సిన రెండు రక్తం పల్చబరిచే మందులు, వాటి రక్తస్రావపు ప్రమాదం, స్టెంట్ లోపల మళ్లీ పూడిక ఇవేవీ కలపరు. పైగా స్టెంట్ అవసరమని తేలితే అదే వైర్ మీదుగా బెలూన్, స్టెంట్ పంపవచ్చు.

ఎఫ్‌ఎఫ్‌ఆర్ బాగుందంటే జబ్బు లేదని కాదు. గోడలో కొవ్వు ఉంది, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ జీవితాంతం కావాలి, బీపీ, చక్కెర అదుపులో ఉండాలి, పొగ మానాలి. కొన్ని పలుచని పొర ఉన్న గడ్డలు రక్తాన్ని అడ్డుకోకపోయినా పగలవచ్చు. 2024లో వచ్చిన ప్రివెంట్ అధ్యయనం అలాంటివాటిని ఐవస్, ఓసీటీలతో గుర్తించి ముందే స్టెంట్ వేస్తే ప్రమాదం తగ్గిందని చూపింది, రెండేళ్లకు స్టెంట్ వేసినవారిలో 0.4 శాతం, వేయనివారిలో 3.4 శాతం. దీన్ని బట్టి అందరికీ వేసేయాలనడం మాత్రం తొందరే. మందులు తీసుకుంటూ వదిలేసినవారిలోనూ నూటికి 96 మందికి పైగా ఆ రెండేళ్లు ఏ ముప్పూ లేకుండా గడిచాయి.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు శాతంతో పాటు ఈ నాలుగు మాటలు ఉన్నాయేమో చూడండి: ఏ నాళంలో ఏ భాగం, అడినోసిన్ ఏ దారిలో ఎంత ఇచ్చారు, వచ్చిన నిష్పత్తి ఎంత, చివర్లో సెన్సర్ తేడా ఎంత. "మధ్య ఎల్‌ఏడీ, సిరలోంచి 140 మైక్రోగ్రాములు, 0.76, తేడా 0.01" అని ఉంటే అది నిలబడే కొలత. "ఎల్‌ఏడీ ఎఫ్‌ఎఫ్‌ఆర్ పాజిటివ్" అని మాత్రమే ఉంటే, కొలిచినప్పటి పీడనపు గ్రాఫు కాగితం అడిగి తీసుకోండి. మరో డాక్టరు దాన్ని చూసి అభిప్రాయం చెప్పగలరు.